మా కాలనీకి జీపొకటే వస్తోంది: హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోం మంత్రి వంగలపూడి అనిత గారికి,

అమ్మా, నమస్కారం. నేను ఎరుకల ఇంట్లో పుట్టినదాన్ని. చుట్టుపక్కల ఏ ఊళ్లో గొలుసు పోయినా, పొలంలో మోటారు మాయమైనా ముందు మా కాలనీకే జీపు వస్తుంది. నేను ఏడో తరగతిలో ఉండగా మా నాన్నను అలాగే తీసుకుపోయారు. కేసు లేదు, కాగితం లేదు. మూడో రోజు రాత్రి ఇద్దరి భుజాల మీద చేతులేసుకుని ఇల్లు చేరాడు. అరికాళ్లు నేలకు ఆనడం లేదు. అమ్మ ఇటుక ముక్క కాచి, గుడ్డలో చుట్టి కాపడం పెడుతుంటే, పిల్లలం లేస్తామని తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. మేం లేచే ఉన్నాం. అసలు దొంగ తర్వాత వేరే ఊళ్లో దొరికాడు. ఆ మాట చెప్పడానికి మా గడపకు ఎవరూ రాలేదు. ఆ నెలంతా నాన్న బుట్టలు అల్లలేదు, నన్ను హాస్టల్లో చేర్చే గడువూ దాటిపోయింది.

1871లో తెల్లదొరలు చేసిన చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్తులుగా రాసింది. 1913లో బాపట్ల దగ్గర మావాళ్లను నిఘాలో ఉంచడానికి పెట్టిన కాలనీకి, అప్పట్లో సెటిల్‌మెంటు అనేవారు, దానికి మద్రాసు ప్రభుత్వ హోం మెంబరు హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. అదే స్టువర్టుపురం. ఇప్పుడు ఆ శాఖ మీ చేతిలో ఉంది. చట్టం 1952లో రద్దయింది గానీ, మా కులం పేరు వినగానే స్టేషన్లో పిలుపు మారిపోవడం ఈనాటికీ చూస్తున్నాను.

ఇది మా ఒక్కరి గోడు కాదు. తమపై పోలీసులు అత్యాచారం చేశారని 2007లో విశాఖ మన్యంలోని వాకపల్లిలో 11 మంది కోందు గిరిజన ఆడవాళ్లు ఫిర్యాదు చేశారు. 2023లో విశాఖ ప్రత్యేక కోర్టు పోలీసులను నిర్దోషులని వదిలేసింది. దర్యాప్తు సరిగా చేయలేదని ఆ కోర్టే తప్పుపట్టి, ఆ ఆడవాళ్లకు పరిహారం ఇమ్మంది. పదహారేళ్లు తిరిగాక వాళ్ల చేతికొచ్చింది అంతే.

ప్రతి స్టేషన్లో సీసీ కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. పోలీసులు ఎవరినైనా తీసుకుపోతే ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తెలపాలని 1996లోనే చెప్పింది. కొత్త చట్టం అక్కర్లేదు, ఇవి అమలైతే చాలు.

ఇంకో మాట. ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం 2013లో వచ్చింది, 2023లో మరో పదేళ్లు పొడిగించారు. జనాభా లెక్కన ఎస్టీలమైన మా వాటా మాకే ఖర్చు పెట్టాలని అందులో ఉంది. మా కాలనీలో ఇళ్లకు పట్టాల్లేవు. కుల ధ్రువపత్రం చేతికి రాక చదువు మానేసిన పిల్లలున్నారు. జీపు వచ్చినన్ని సార్లు ఎమ్మార్వో గారు వచ్చి ఉంటే ఈ పని ఎప్పుడో అయిపోయేది. ఈ పనులు చూసే శాఖలు మీవి కావని తెలుసు. కానీ మంత్రివర్గంలో మీ మాట చెల్లుతుంది.

మీరు టీచరుగా పనిచేశారు. బడికి రాని పిల్ల ఇంటికి వెళ్లి ఎందుకు రాలేదో అడగడం మీకు కొత్త కాదు. ఒకరోజు ఏదైనా ఎరుకల కాలనీకో, యానాదుల పేటకో ముందు చెప్పకుండా రండి. వెంట పోలీసులు వద్దు. ఎమ్మార్వో గారిని, బడి పంతులును తీసుకురండి.

ఇట్లు,
ఒక ఎరుకల కాలనీ ఆడబిడ్డ