విపుల్స్ ఆపరేషన్ తర్వాతి ఆరు నెలల గురించి ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. క్లోమం (ప్యాంక్రియాస్) క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత మా అమ్మను డిశ్చార్జి చేసిన రోజు ఇచ్చిన కాగితాలు ఇంకా మా ఇంట్లో ఉన్నాయి. మూడు పేజీలు. ఏ భాగం తీశారు, ఎక్కడ కుట్టారు, డ్రెయిన్ పైపులోంచి రోజుకు ఎన్ని ఎం.ఎల్. వచ్చింది, అన్నీ రాశారు. చివర్లో పెన్నుతో ఒక్క లైను: నాలుగు వారాల తర్వాత కీమో డాక్టర్‌కి చూపించుకోవాలి. ఏ డాక్టర్, ఎక్కడ, ఆరోగ్యశ్రీ కార్డు మీద అవుతుందా, అప్పటిదాకా ఏం తినాలి, ఇవేవీ లేవు. ఆ ఒక్క లైను గురించే ఈ ఉత్తరం.

అమ్మకు మొదట కళ్లు పచ్చబడ్డాయి. ఊళ్లో అందరిలాగే మేమూ పచ్చకామెర్లే అనుకుని పసరు మందు పోయించాం. ఒళ్లంతా దురద, రాత్రిళ్లు నిద్ర లేదు. అలా మూడు వారాలు పోయాయి. స్కానింగ్ తీస్తే క్లోమం తలభాగంలో గడ్డ ఉందన్నారు. ఈ క్యాన్సర్ బయటపడేసరికి ఆపరేషన్‌కు వీలుండేది నూటికి పదిహేను, ఇరవై మందికే. అమ్మకు వీలుందని తెలిసినప్పుడు దవాఖానా మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, సంతోషంతో. క్లోమం తల, దాన్ని ఆనుకున్న చిన్నపేగు భాగం, పిత్తాశయం తీసేసి, మిగిలినవి మళ్లీ కలిపి కుట్టే విపుల్స్ ఆపరేషన్ చేశారు. చాలా పెద్ద ఆపరేషన్. సర్జన్ గారు బాగా చేశారు, ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాం.

ఆ తర్వాతే తిరుగుడు మొదలైంది. కీమో ఇచ్చేది వేరే దవాఖానాలో. బయాప్సీ రిపోర్టు ఒకచోట, అప్రూవల్ ఇంకోచోట. మొదటి డోసు పడేసరికి పదకొండు వారాలు. 56 కిలోల మనిషి 43కి వచ్చేసింది. ఏం తిన్నా నూనె తేలుతూ విరేచనం అయిపోయేది. క్లోమం కోసేశాక కొవ్వును అరిగించే ఎంజైములు తగ్గిపోతాయని, అన్నంతో పాటు వేసుకునే క్యాప్సూల్స్ ఉంటాయని మాకు ఎవరూ చెప్పలేదు. పన్నెండు డోసుల్లో నాలుగు పడ్డాక, "ఇగ నా వల్ల కాదు బిడ్డా" అంది. ఏడాది తిరక్కుండానే లివర్‌లో క్యాన్సర్ కనిపించింది. దవాఖానా పేరు నేను రాయను. ఇది ఒక్క దవాఖానా తప్పు కాదు కూడా.

నేను బడిలో సైన్స్ చెప్తాను. అమ్మ పోయాక దీని గురించి దొరికిందల్లా చదివాను. జర్మన్ డాక్టర్లు చేసిన కాంకో-001 అనే ట్రయల్‌లో (రోగుల మీద వైద్యాలను పోల్చి చూసే పరిశోధనలో), ఆపరేషన్ తర్వాత ఏ మందూ ఇవ్వనివాళ్లలో ఐదేళ్లకు బతికున్నది నూటికి 10 మంది. ఆరు నెలలు జెమ్‌సిటబిన్ అనే కీమో మందు ఇచ్చినవాళ్లలో దాదాపు 21 మంది. 2018లో ఫ్రాన్స్, కెనడా కలిసి 493 మందిపై చేసిన ట్రయల్ ఫలితాలు వచ్చాయి. అందులో జెమ్‌సిటబిన్ తీసుకున్నవాళ్లలో సగం మంది 35 నెలలకు పైగా బతికారు, నాలుగు మందులు కలిపిన ఫోల్ఫిరినాక్స్ తీసుకున్నవాళ్లలో సగం మంది 54 నెలలకు పైగా. ఆపరేషన్ నుంచి బాగా కోలుకున్న గట్టివాళ్లనే అందులో చేర్చుకున్నారు. అయినా ఫోల్ఫిరినాక్స్ వాళ్లలో నూటికి 34 మంది అన్ని డోసులూ పూర్తి చేయలేకపోయారు.

నన్ను కదిలించింది మరో సంగతి. ఎస్పాక్-3 అనే యూరప్ ట్రయల్ వివరాలను మళ్లీ పరిశీలించినప్పుడు, కీమో కాస్త ఆలస్యంగా, పన్నెండు వారాల లోపు మొదలుపెట్టినా పెద్ద తేడా రాలేదు. కీమో ఆరు సైకిళ్లూ (విడతలూ) పూర్తిచేసినవాళ్లే ఎక్కువకాలం బతికారు. పూర్తిచేయగలిగారంటే వాళ్లు ముందే కాస్త బలంగా ఉన్నవాళ్లు అయ్యుండొచ్చు, నిజమే. కానీ మా అమ్మ పూర్తి చేయలేకపోవడానికి కారణం క్యాన్సర్ ఒక్కటే కాదు, ఆకలి కూడా.

అయ్యా, నేను అడిగేవి రెండు. మొదటిదానికి ఏ పరిశోధనా అక్కర్లేదు, రేపే చేయొచ్చు. 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలకు పెంచారు. క్లోమం క్యాన్సర్‌కు ఆపరేషన్, ఎంజైమ్ క్యాప్సూల్స్, కీమో మొత్తాన్ని ఒకే వైద్యంగా, ఒకే అప్రూవల్‌తో ఇవ్వండి. కీమో తేదీ రాయకుండా ఎవరినీ డిశ్చార్జి చేయొద్దని చెప్పండి. వారానికోసారి ఫోన్ చేసి "ఏం తిన్నావమ్మా, బరువెంత" అని అడిగే నర్సు ఒకరుంటే చాలు.

రెండోదానికి మాత్రం ట్రయల్ కావాలి. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే కొన్ని కీమో డోసులు ముందే ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేస్తే మేలా, ఇప్పటిలాగా ముందు ఆపరేషన్ చేస్తేనే మేలా? నెదర్లాండ్స్‌లో ముందే కీమో, రేడియేషన్ ఇచ్చినవాళ్లు ఐదేళ్లకు నూటికి 20 మంది మిగిలారు, నేరుగా ఆపరేషన్‌కు వెళ్లినవాళ్లు ఆరేడుగురే. నార్డిక్ దేశాల ట్రయల్‌లో మాత్రం ముందు ఫోల్ఫిరినాక్స్ ఇచ్చినందువల్ల లాభం కనిపించలేదు. ధనిక దేశాల్లోనే ఇంకా తేలలేదు. మరి పచ్చకామెర్లతో, 45 కిలోల బరువుతో వచ్చే మన మనిషికి ఏది మంచిది, ఎంత డోసు తట్టుకుంటుంది? ఇది మన దగ్గర చూస్తేనే తెలుస్తుంది. హైదరాబాద్‌లోని నిమ్స్, ఎంఎన్‌జే, ఉస్మానియా, గాంధీ దవాఖానాలు కలిస్తే చూడొచ్చు.

ఈ మందులన్నీ పాతవి, పేటెంట్లు అయిపోయినవి. జెనరిక్‌గా హైదరాబాద్ కంపెనీలే తయారుచేస్తున్నాయి. ఏది ముందు ఏది వెనక అని తేల్చడానికి ఏ కంపెనీ డబ్బు పెట్టదు, ప్రభుత్వమే పెట్టాలి. ఇది మన దేశంలో అయ్యే పనే. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు గడ్డ చుట్టూ మామూలు మత్తు ఇంజెక్షన్ ఇస్తే ప్రాణాలు నిలుస్తాయా అని టాటా మెమోరియల్ వాళ్లు 11 క్యాన్సర్ సెంటర్లలో 1,600 మందిపై చూసి, నిలుస్తాయని 2023లో చూపించారు.

ట్రయల్ అంటే మనవాళ్లకు భయమని నాకు తెలుసు. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన హాస్టల్ పిల్లలకు ఒక పరిశోధన ప్రాజెక్టులో హెచ్‌పీవీ టీకాలు (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేవి) వేసినప్పుడు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటరీ కమిటీ దాన్ని గట్టిగా తప్పుబట్టింది. ఆ భయం న్యాయమైనది. అందుకే సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, చదవలేనివాళ్లకు కూర్చోబెట్టి చెప్పాలి, వద్దంటే మామూలు వైద్యం ఆగకూడదు. ఇప్పుడున్న మంచి వైద్యం కన్నా తక్కువ ఎవరికీ ఇవ్వకూడదు. ఇవన్నీ 2019 క్లినికల్ ట్రయల్ నిబంధనల పరిధిలో జరగాలి. ఇలా ఎవరైనా ఎదురుగా కూర్చుని చెప్పి ఉంటే అమ్మ ఒప్పుకునేది. తన తర్వాతివాళ్లకు పనికొస్తుందంటే తప్పకుండా ఒప్పుకునేది.

అమ్మ ఫైలు మొత్తం, స్కానింగ్ ఫిల్ములు, బరువు రాసుకున్న నోటుబుక్కుతో సహా మిర్యాలగూడలో నా దగ్గరే ఉంది. ఏ వారం ఎక్కడ ఆగిపోయామో అందులో తేదీలతో సహా ఉంది. మీ అధికారులు రమ్మంటే ఆదివారమైనా సరే తీసుకొస్తాను.

ఇట్లు
ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు