తలుపు లేని విమానం

చిన్నా,

"మూడు నెలలుగా ఒకటే విమానమా అన్నయ్యా, ఇంకా రెక్కలు కూడా పెట్టలేదా?" అని మొన్న ఫోన్‌లో అడిగావు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఈ రాత్రి తీరిక దొరికింది, వివరంగా రాస్తున్నాను.

నేను చేస్తున్న బొమ్మ విమానం సి-47. ప్రయాణికుల విమానంగా 1935 డిసెంబరు 17న మొదటిసారి ఎగిరిన డీసీ-3కి ఇది సైనిక రూపం. పది వేలకు పైగా తయారయ్యాయి. సామాన్లు మోసింది, గాయపడ్డవాళ్లను మోసింది, పారాట్రూపర్లయితే, అంటే పారాచూట్‌తో దూకే సైనికులైతే, 28 మందిని మోసేది. నాది 48వ వంతు మోడల్. అసలు విమానం రెక్కల కొన నుంచి కొనకు 29 మీటర్లు, నా బల్ల మీద అది 60 సెంటీమీటర్లు.

ఫైటర్ విమానం చేసేటప్పుడు కష్టమంతా పైపై రంగులోనే పెట్టొచ్చు, అందులో తప్పేం లేదు. రవాణా విమానం అలా కాదు. దానికి కడుపే ప్రాణం. లోపల ఎవరు కూర్చున్నారు, దేన్ని పట్టుకుని నిలబడ్డారు, ఎటు నుంచి దూకారు అన్నది చూపించకపోతే ఎంత నున్నగా రంగు వేసినా అది ఖాళీ డబ్బాయే. అందుకే రెక్కల జోలికి ఇంకా పోలేదు. ఇన్నాళ్లూ లోపలే ఉన్నాను.

విమానాల్లోనూ ఒక ప్రత్యేకమైనదాన్ని ఎంచుకున్నాను. దాని పేరు 'దట్స్ ఆల్, బ్రదర్'. హిట్లర్‌ను ఉద్దేశించి పెట్టిన పేరది. మన మాటల్లో చెప్పాలంటే "అయిపోయింది నీ పని, తమ్ముడూ" అని. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 5 రాత్రి ఇంగ్లండ్ నుంచి ఫ్రాన్స్ తీరంలోని నార్మండీకి పారాట్రూపర్లను తీసుకెళ్లిన ప్రధాన దండులో అన్నిటికన్నా ముందు ఎగిరింది ఇదే. దీని వెనకాల ఎనిమిది వందలకు పైగా సి-47లు, వాటిలో సుమారు 13 వేల మంది మనుషులు. యుద్ధం అయ్యాక దీన్ని అమ్మేశారు, ఎన్నో చేతులు మారింది, చివరికి ఇది ఫలానా విమానమన్న సంగతే ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. 2015లో విస్కాన్సిన్‌లోని ఆష్‌కోష్‌లో, ఇంజన్లు మార్చి కొత్త రకంగా మలచడానికి సిద్ధంగా ఉన్న పాత విమానాల మధ్య బయటపడింది. బాగుచేసి మళ్లీ ఎగరేశారు. 2019లో, 75 ఏళ్ల తర్వాత, అట్లాంటిక్ దాటి మళ్లీ నార్మండీ వెళ్లొచ్చింది. ఇప్పుడు టెక్సస్‌లో శాన్ మార్కస్‌లో ఉంటుంది.

వెళ్లి చూశాను చిన్నా. లోపలికి ఎక్కి నిలబడ్డాను. ఫొటోల్లో ఎన్నాళ్లు చూసినా తెలియనిది ఒకటి కాళ్లకు తెలిసింది: నేల ఏటవాలు. తోక కింద చిన్న చక్రం మీద వాలి ఉండే విమానం కదా, తలుపులోంచి ఎక్కి కాక్‌పిట్ వైపు నడిస్తే మెట్ట ఎక్కినట్టే ఉంటుంది. ఒంటి నిండా సామాను కట్టుకున్న సైనికుడు ఆ ఎత్తు ఎక్కి తన సీటు చేరాలి. అక్కడ నిలబడ్డాకే అనిపించింది, ఈ నేల బోసిగా ఉండకూడదని. ఇంటికి రాగానే నేలకు వేసిన రంగు మీద వెండి రంగును పొడి కుంచెతో రుద్దాను, బూట్లు రాసుకుని లోహం బయటపడ్డట్టుగా. తలుపు దగ్గర ఎక్కువ, ముందుకు పోయేకొద్దీ తక్కువ.

సీట్ల దగ్గర చాలా రోజులు పట్టింది. గోడల వెంబడి రెండు వరుసలు, ఎదురెదురుగా. కిట్‌లో, అంటే మోడల్ ముక్కలు వచ్చే పెట్టెలో, వచ్చినవి మందంగా ఉన్నాయి, పైగా ప్రతి దాని మీదా అచ్చులోంచి తోసినప్పుడు పడ్డ గుండ్రటి మచ్చ. మొదట లప్పం పెట్టి, ఉప్పు కాగితంతో రుద్ది సరిచేద్దామనుకున్నాను. నాలుగైదు సీట్లయ్యాక ఆపేసి, పావు మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటుతో మొత్తం 28 కొత్తగా చేసుకున్నాను. బెల్టులకు మాస్కింగ్ టేపు. అసలు బెల్టు రెండంగుళాలనుకుంటే నాది ఒక్క మిల్లీమీటరు. కొన్ని ఒళ్లో పడ్డట్టు, కొన్ని నేలకు జారినట్టు పెట్టాను. అన్నీ ఒకేలా సర్ది ఉంటే అందులో ఎవరూ కూర్చోనట్టు ఉంటుంది.

అన్నిటికన్నా నాకు ప్రాణమైనది పైకప్పు కింద, తలుపు దాకా వెళ్లే తీగ. ఎర్ర లైటు వెలగగానే అందరూ లేచి తమ పారాచూట్ తాడు కొక్కేన్ని దానికే తగిలిస్తారు. పచ్చ లైటు పడితే దూకుతారు. మనిషి బయటికి పోగానే ఆ తాడే పారాచూట్‌ను లాగి విప్పుతుంది. అంతమంది ప్రాణాలు ఆ ఒక్క తీగకు వేలాడాయి. సెంటీమీటరు మందం తీగైనా 48వ వంతుకు 0.2 మిల్లీమీటర్లే. కిట్‌లో భాగాలు అంటిపెట్టుకుని వచ్చే ప్లాస్టిక్ పుల్ల ఉంటుంది చూడు, దాన్ని కొవ్వొత్తి మంటకు కాస్త పైన పెట్టి తిప్పుతూ ఉంటే ముందు మెరుస్తుంది, తర్వాత నడుం వంచుతుంది. అప్పుడు మంట మీంచి పక్కకు తీసి, ఒక్క క్షణం ఆగి లాగాలి. వేగంగా లాగితే వెంట్రుక వస్తుంది, నెమ్మదిగా లాగితే తీగ వస్తుంది. అతికించాక కొంచెం వేలాడినా కంగారు లేదు, అప్పుడే ఆర్పిన అగ్గిపుల్ల వేడి దగ్గరగా చూపిస్తే చాలు, తనంతట తనే బిగుసుకుంటుంది. మొదటిసారి అది కళ్లముందే నిటారుగా సాగినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

లోపలి రంగుకు నియమం ఒకటే అనుకునేవాణ్ని. కాదు. అల్యూమినియం తుప్పు పట్టకుండా జింక్ క్రోమేట్ పూత వేసేవారు, అది పసుపుపచ్చగా ఉంటుంది. అందులో నలుపు కలిపితే ముదురు ఆకుపచ్చ. నేను ముదురుదే తీసుకున్నాను, మూలల్లో మాత్రం పలుచని గోధుమ రంగు నీళ్లలా పారించి మురికి చూపించాను.

ఇక నువ్వు అడిగిన ఆలస్యం సంగతి. విమానం ఒంటి రెండు సగాలూ అతికించి, అతుకు కనబడకుండా రుద్ది, కిటికీల మీద టేపు వేస్తున్నాను. కుడివైపు మూడో కిటికీ మీద బొటనవేలు ఆనింది. చిన్న చప్పుడు. కిటికీ లోపలికి పడిపోయింది. విమానాన్ని కదిపితే లోపల గలగల. ఆ చప్పుడు విని చాలాసేపు ఏమీ చేయలేకపోయాను. మూసేసిన విమానాన్ని మళ్లీ విప్పడమంటే సీట్లన్నీ పోయినట్టే.

కాపాడింది తలుపే. జూన్ 5 రాత్రి దూకేవాళ్లకు అడ్డం లేకుండా తలుపులు తీసేసి ఎగిరారు కాబట్టి నేనూ తలుపు పెట్టలేదు. ఎడమవైపు వెనక ఆ ఖాళీలోంచి టార్చి వేసి చూస్తే, ఐదో సీటు కింద మెరిసింది. సన్నని రాగితీగ కొసకు టేపును జిగురు వైపు బయటకు ఉండేలా చుట్టి, లోపలికి పంపి, తాకించి, ఊపిరి బిగబట్టి లాగాను. నాలుగోసారికి వచ్చింది. వస్తూ వస్తూ పైన తీగను తెంచింది. దాన్ని మళ్లీ ఆ తలుపులోంచే, ట్వీజర్లతో, రెండు రాత్రులు కూర్చుని వేశాను. ఇప్పుడు అన్ని కిటికీలనూ తెల్ల గమ్ముతో లోపలి అంచు చుట్టూ గట్టి చేశాను. నువ్వు ఎప్పుడైనా మొదలుపెడితే కిటికీలకు సూపర్ గ్లూ మాత్రం వాడకు, ఆ ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది.

రెక్కలు, ఇంజన్లు వారంలో అయిపోతాయి. తోక మీద 292847 అని నంబరు వేయాలి. అసలు నంబరు 42-92847, 42 అన్నది ఏడాది, దాంట్లో మొదటి అంకె వదిలేసి రాసేవారు. తోక కిందికి ఒరగకుండా ముక్కులో బరువు పెట్టే పని లేదు, ఇది తోక మీద వాలేదే కదా.

మిగిలింది చారలు. రెక్కల మీదా ఒంటి చుట్టూ నలుపు తెలుపు పట్టీలు ఫొటోల్లో చూసి ఉంటావు. 1943 జులైలో ఇటలీలోని సిసిలీ దగ్గర పారాట్రూపర్లతో వెళ్తున్న 144 సి-47లలో 23ను సొంత పక్షం తుపాకులే కూల్చేశాయి. మళ్లీ అలా జరగకూడదనే నార్మండీకి ముందు ఈ విమానాలకు చారలు వేశారు. రహస్యం బయటపడకుండా చివరి రోజుల్లో వేయమన్నారు, అందుకే కుంచె దొరికినవాళ్లల్లా హడావుడిగా పూసేశారు. అంచులు వంకర, పూత పలచన, ఒక్కోచోట ఒక్కో చేయి. ఒక్కో చార 24 అంగుళాలు, మన కొలతలో 12.7 మిల్లీమీటర్లు. టేపు అంటించి స్ప్రేతో కొడితే గీత గీసినట్టు వస్తాయి, కానీ అది అబద్ధం అవుతుంది. ఒకే చేత్తో వేసినా అబద్ధమే.

అందుకని చారలు ఆపాను. సెలవులకు నువ్వు ఇక్కడికి వస్తావు కదా. రెండు కుంచెలు పక్కన పెట్టాను. ఎడమ రెక్క నీది, కుడి రెక్క నాది. నీ చేయి వణుకుతుందని భయపడకు, వాళ్ల చేతులూ వణికే ఉంటాయి.

నీ
అన్నయ్య