డెవన్‌లో ఆ టీ షాపు ఆవిడకు

మొన్న ఇంగ్లండ్ వెళ్లినప్పుడు డెవన్‌లోని టావిస్టాక్‌లో బస్సు కోసం చూస్తుంటే అమ్మకు షుగర్ పడిపోయింది. చేతులు వణుకు, ఒళ్లంతా చెమట. నా బ్యాగులో బిస్కెట్ ముక్క కూడా లేదు.

ఎదురుగా షాపు మూసేస్తున్న మీరు అద్దంలోంచి చూసి తలుపు తీశారు. పంచదార దండిగా వేసిన టీ అమ్మ చేతికిచ్చి, వెచ్చటి స్కోన్‌ను (బన్నులాంటిది) చేత్తోనే రెండుగా విడదీశారు. డెవన్‌లో దానికి ముందు క్రీమ్, దాని మీద జామ్ కదా, పక్కనున్న కార్న్‌వాల్‌లోనేమో ముందు జామ్! మీరు మాత్రం స్ట్రాబెర్రీ జామ్ మందంగా పూసి, "ఇవాళ్టికి కార్న్‌వాల్ పద్ధతి, ఎవరికీ చెప్పకండి" అని నవ్వారు. అమ్మ తేరుకున్నాకే క్రీమ్ గిన్నె తెచ్చారు. డబ్బులు తీసుకోలేదు. టెన్షన్‌లో మీ పేరడగడం మరిచాను.

ఇప్పుడు ఇంట్లో స్కోన్లు చేస్తే (ఆ చిక్కటి క్లాటెడ్ క్రీమ్ ఎక్కడ దొరుకుతుంది, మీగడే గతి) అమ్మ జామే ముందు రాస్తుంది. చాలా థాంక్సండీ.