కూలిన ఇంటి దుమ్మును పరీక్షించేదెవరు?

సంపాదకులు గారికి,

అయ్యా, 2001లో కూలిన న్యూయార్క్ జంట భవనాల దుమ్ము మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివి పది రోజులైంది. అప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలనే ఉంది. వ్యాసం బాగుంది. కానీ మన ఊరి మాట అందులో ఒక్కటీ లేదు.

పోయిన వేసవిలో మా వీధి చివర పాత రెండంతస్తుల ఇల్లు కూలింది. పక్క స్థలంలో సెల్లార్ తవ్వుతుంటే కూలిపోయింది. దేవుడి దయవల్ల లోపల ఎవరూ లేరు. మా కిటికీ గట్టు మీద దుమ్ము వేలి మందాన పేరుకుంది. తులసి ఆకులకు సున్నం కొట్టినట్టయింది. ఇన్వర్టర్ బ్యాటరీ కోసం తెచ్చిన డిస్టిల్డ్ వాటర్‌లో చెంచాడు దుమ్ము కలిపి ఎర్ర లిట్మస్ ముంచాను. ముంచీ ముంచగానే నీలమైంది. ముప్పై ఏళ్లు పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినదాన్ని కాబట్టి సిమెంటు, సున్నాల క్షారమని తెలిసింది. కళ్లు, గొంతు ఎందుకు మండుతున్నాయో కూడా అర్థమైంది. ఆ డాబా మీద సిమెంటు రేకుల షెడ్డు ఉండేది. అది కూడా నుజ్జయింది. ఆ రేకుల్లో ఉండే, ఊపిరితిత్తులకు చేటు చేసే ఆస్బెస్టాస్ పీచు దుమ్ములో ఎంత కలిసిందో మాత్రం లిట్మస్ చెప్పదు, మైక్రోస్కోపు ఉన్న ల్యాబ్ చెప్పాలి.

నమూనా తీసుకెళ్లండని రెండు ఆఫీసులకు ఫోన్ చేశాను. మాది కాదంటే మాది కాదన్నారు. మూడో రోజు ట్యాంకరు తెచ్చి వీధంతా కడిగేశారు. "ఏం కాదమ్మా, మామూలు దుమ్మే" అన్నాడు వచ్చినాయన. ఏ పరీక్ష చేసి అన్నట్టు?

న్యూయార్క్‌లోనూ ఇదే మాట అన్నారు. 2001 సెప్టెంబర్ 11న టవర్లు కూలితే, 18న వాళ్ల పర్యావరణ సంస్థ అధిపతి గాలి సురక్షితమేనని ప్రకటించారు. అలా చెప్పడానికి అప్పటికి తగిన సమాచారం లేదని ఆ సంస్థ తనిఖీ విభాగమే 2003లో తేల్చింది. అయితే వాళ్ల భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు మాత్రం 17, 18 తేదీల్లోనే వీధివీధీ తిరిగి దుమ్ము సేకరించారు. జిప్సం, కాంక్రీటు పొడి, గాజు పీచు, తెల్ల ఆస్బెస్టాస్ అన్నీ బయటపడ్డాయి. మధ్యలో 14న వాన పడింది. వాన తగలని, ఇళ్లలోపలి దుమ్ములో పీహెచ్ (ఏడు దాటితే క్షారం) 11 దాటింది. బయటి దుమ్ములో అంత లేదు. నీళ్లు పడితే ఆధారం పోతుందని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆ రోజు 343 మంది ఫైర్ సిబ్బంది చనిపోతే, ఆ సిబ్బందిలోనే తర్వాత అక్కడి దుమ్ము తెచ్చిన జబ్బులతో పోయినవాళ్లు అంతకు మించిపోయారు.

మనకు 2016 డిసెంబర్‌లో నానక్‌రామ్‌గూడలో ఏడంతస్తులు కూలి 11 మంది పోయారు. అనుమతుల గురించి ఎంతో మాట్లాడుకున్నాం. రాత్రీ పగలూ శిథిలాలు తీసినవాళ్ల ఊపిరితిత్తుల గురించి ఎవరు అడిగారు? మూతికి రుమాలు కట్టుకుని పనిచేసే కూలీలను ఈ నగరంలో ఎక్కడైనా చూడొచ్చు. రోజూ చెప్పే గాలి నాణ్యత సూచీలో ఆస్బెస్టాస్ లెక్కే లేదు. శిథిలాల నిబంధనలు 2016లోనే వచ్చాయి. జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో శిథిలాలను తిరిగి పనికొచ్చేలా చేసే ప్లాంట్లు కట్టారు. అయినా రాత్రిళ్లు ట్రాక్టర్లు మూసీ ఒడ్డున, చెరువు గట్ల మీద గుమ్మరించి పోతూనే ఉన్నాయి. ఆపేవారు లేరు, అడిగితే సమాధానం చెప్పేవారు లేరు. ఒకప్పుడు కార్డు ముక్క రాస్తే మనిషి వచ్చి చూసి వెళ్లేవాడు.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ఇల్లు కూలినా, కూల్చినా ట్యాంకరు రాకముందే, ఆ రోజే నాలుగు చోట్ల దుమ్ము తీసి ల్యాబ్‌కు పంపండి. ఫలితం ఆ వీధిలోనే బోర్డు మీద రాసి పెట్టండి.

మా కిటికీ దుమ్ము ఇప్పటికీ హార్లిక్స్ సీసాలో మూత బిగించి, తేదీ రాసి దాచాను. ఏ ల్యాబ్ అడిగినా ఇస్తాను.

ఇట్లు,
రిటైర్డ్ కెమిస్ట్రీ టీచర్,
చిక్కడపల్లి, హైదరాబాద్