పావెల్ తల్లికి ఒక పేరుంది

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో రష్యన్ రచయిత గోర్కీ నవల 'అమ్మ' మీద వచ్చిన వ్యాసం చదివాను. ఆ పుస్తకాన్ని ఇప్పటి పిల్లలకు పరిచయం చేయాలనుకున్నందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. కానీ చదువుతున్నకొద్దీ మనసు చివుక్కుమంది. వ్యాసం నిండా ఫ్యాక్టరీ కార్మికుడైన కొడుకు పావెల్ పేరే. తల్లి పేరు వెతికి వెతికి అలిసిపోయాను, ఒక్కచోట కూడా లేదు. పక్కన వేసిన బొమ్మ కింద 'పావెల్ తల్లి' అని రాశారు. కథానాయకుడు పావెల్ అనీ, తల్లి విప్లవానికి ప్రతీక అనీ తేల్చేశారు. ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

పదకొండేళ్లు రాత్రిబడిలో పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పినదాన్ని. క్రొవ్విడి లింగరాజు గారి అనువాదం నా దగ్గరున్న ప్రతికి అట్ట ఊడిపోతే దారంతో కుట్టి దాచుకున్నాను. ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. చదివిన ప్రతిసారీ నాకు ఆమె మనిషిగానే కనిపించింది, ప్రతీకగా కాదు.

గోర్కీ ఆమెను మనకు ఎలా చూపించాడో గుర్తు చేస్తాను. కుడి కనుబొమ మీద లోతైన మచ్చ. దానివల్ల ఆ కనుబొమ కాస్త పైకి లేచి ఉంటుంది. కుడి చెవి కూడా ఎడమ చెవి కంటే ఎత్తులో ఉన్నట్టు అనిపిస్తుంది. ఎప్పుడూ బెదురుగా చెవి ఒగ్గి ఏదో వింటున్నట్టుండే ముఖం. నడిస్తే చప్పుడు ఉండదు. దేనికి తగులుతానో అన్నట్టు పక్కవాటుగా నడుస్తుంది. తాగొచ్చి కొట్టే మొగుడితో ఏళ్ల తరబడి కాపురం చేసిన మనిషి ఒళ్లు అది. భయం ఆమె మనసులోనే కాదు, నడకలో కూడా ఉంది. ఇంత దగ్గరగా చూసి రాసిన మనిషిని ప్రతీక అని పక్కన పెడితే ఎలా?

పావెల్ స్నేహితుడు అంద్రేయ్ మొదటిసారి ఆ ఇంటికి వచ్చినప్పుడు చూసింది కూడా ఆ మచ్చనే. ఆ దెబ్బ ఎవరు కొట్టారమ్మా అని అడుగుతాడు. ఆమెకు కోపం వస్తుంది, నీకెందుకయ్యా అన్నట్టు పొడిగా జవాబిస్తుంది. అప్పుడు చెబుతాడు అతను: నన్ను పెంచిన తల్లికీ అచ్చం ఇలాంటి మచ్చే ఉండేది, అందుకే అడిగాను అని. బట్టలుతికి బతికే ఆ పెంపుడు తల్లిని ఒక చెప్పులు కుట్టేవాడు కొట్టాడట. ఈ నవలలో ఉపన్యాసాలు ఎక్కువని కొందరు అంటారు. నిజమే, కొన్నిచోట్ల పాత్రలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసి సభలో మాట్లాడినట్టు మాట్లాడతారు. కానీ ఈ రెండు మచ్చల సంగతి ఏ ఉపన్యాసానికీ అందదు. ఆ ఇంట్లో స్నేహం అక్కడే మొదలైంది.

పావెల్‌ను నేను తక్కువ చేయడం లేదు. పద్నాలుగేళ్లప్పుడు తండ్రి జుట్టు పట్టుకోబోతే సుత్తి అందుకున్నవాడు. చిత్తడినేల పూడ్చడానికని కార్మికుల జీతంలో రూబుల్‌కు ఒక కోపెక్ కోస్తామంటే అందరి ముందు నిలబడి కాదన్నవాడు. అయితే మేడే ఊరేగింపుకు ముందు, జెండా నేనే పట్టుకుంటానని అతను చెప్పినప్పుడు తల్లి తల్లడిల్లుతుంది. మనిషిని బతకనివ్వకుండా అడ్డుపడే ప్రేమలు కూడా ఉంటాయని ఆమె ముఖం మీదే అనేస్తాడు. అతన్ని మందలించేది అంద్రేయే. అమ్మ ముందా నీ వీరత్వం చూపించేది అని కడిగేస్తాడు. పావెల్ వెళ్లి క్షమాపణ అడుగుతాడు. మీ వ్యాసకర్త ఈ ఘట్టాన్ని వదిలేశారు. తన వీరుణ్ణి తనే ఇలా నిలదీయించిన రచయిత ఉద్దేశం ఏమిటో ఆయన ఆలోచించి ఉండాల్సింది.

ఇక చదువు సంగతి. నాకు ప్రాణం లాంటి పేజీలవి. పావెల్ జైల్లో ఉన్నప్పుడు అంద్రేయ్ ఆమెకు అక్షరాలు నేర్పుతాడు. పట్టుదలగా కూర్చుంటుంది, కళ్లు అలిసిపోయి నీళ్లు కారతాయి. కాసేపటికి అవి నిజం కన్నీళ్లవుతాయి. నలభై ఏళ్లొచ్చాక ఇప్పుడా నేను చదువు మొదలుపెట్టడం అని వెక్కివెక్కి ఏడుస్తుంది. మా రాత్రిబడిలో ఒకావిడ మొదటిసారి పలక మీద తన పేరు పూర్తిగా రాసుకుంది. సంతోషిస్తుందనుకున్నాను. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పోయిన ఏళ్లన్నీ ఒక్కసారిగా కనిపించాయేమో. ఏం చెప్పి ఓదార్చాలో నాకు తోచలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి గోర్కీ పుస్తకంలో ఆ పేజీ మళ్లీ తీశాను. చదువు లేని తల్లుల పక్కన కూర్చోకుండా ఆ పేజీ రాయడం సాధ్యం కాదని నా నమ్మకం.

కొడుకు లోపల ఉండగా ఫ్యాక్టరీలో కరపత్రాలు మళ్లీ కనిపిస్తే, పంచింది అతను కాదని తేలుతుంది. అందుకే కార్మికులకు తిండి అమ్మే మనిషికి సాయంగా గిన్నెలు మోసుకుని బయల్దేరుతుంది. గేటు దగ్గర కావలివాళ్లు గిన్నెలు దింపించి వెతుకుతారు. కాగితాలు ఆమె ఒంటికి చుట్టుకుని ఉన్నాయి! ఇది ఎవరూ చెప్పి చేయించిన పని కాదు. పక్కవాటుగా నడిచే ఆ మనిషి నేరుగా గేటులోంచి నడిచి వెళుతుంది.

దేవుడి విషయం కూడా వ్యాసంలో లేదు. మీరు నా నుంచి దేవుణ్ణి లాగేసుకుంటే ఈ ముసలిదానికి ఆనుకోవడానికి ఏం మిగులుతుందని ఆమె కొడుకునూ అతనితో ఉన్నవాళ్లనూ సూటిగా అడుగుతుంది. ఆ మాటను ఎవరూ ఎగతాళి చేయరు. అలాగే ఇసాయ్ అనే గూఢచారి హత్య జరిగినప్పుడు, చంపింది నేను కాదు గానీ ఆపగలిగీ ఆపలేదని అంద్రేయ్ కుమిలిపోతాడు. పార్టీ పుస్తకం అని ముద్ర వేసి పక్కన పెట్టేవాళ్లు ఈ రెండు చోట్లా ఆగి చదవాలి.

అన్నిటికంటే నాకిష్టమైనది చిన్న సంగతి. కొడుకును మళ్లీ పట్టుకుపోయాక ఆమె పట్నంలో కొడుకు ఉద్యమ సహచరుడు నికొలాయ్ ఇవానొవిచ్ ఇంట్లో ఉంటుంది. అక్కడ జంతువుల బొమ్మల పుస్తకం ఒకటి దొరుకుతుంది. సీతాకోకచిలుకల బొమ్మలు చూసి తెల్లబోతుంది. ఇంత అందం ఈ నేల మీదే ఉండి, మనకు కనపడకుండా పోయిందే అని వాపోతుంది. విప్లవం ఎందుకని ఆ నవలను అడిగితే నేను ఈ పేజీ చూపిస్తాను.

వాస్తవంలో కూడా ఒక తల్లి ఉంది. నీజ్నీ నొవ్‌గొరోద్ దగ్గర సోర్మొవోలో 1902 మేడే నాడు జెండా పట్టిన ప్యోత్ర్ జలోమొవ్‌నూ, ఆయన తల్లి ఆన్నా కిరిల్లొవ్నానూ చూసే గోర్కీ ఈ పాత్రలు మలిచాడు. 1906లో, 1905 విప్లవం దెబ్బతిన్నాక, అమెరికాలో ఉండగా నవల రాయడం మొదలుపెట్టాడు. ఓటమి తర్వాతి పుస్తకం కాబట్టే భయం గురించి అంత ఓపిగ్గా రాశాడని నాకనిపిస్తుంది.

రైల్వేస్టేషన్ ఘట్టాన్ని మీ వ్యాసం 'పోలీసులు ఆమెను పట్టుకుంటారు' అని ఒక్క వాక్యంలో ముగించింది. ఆమె మోసుకెళుతున్న పెట్టెలో కొడుకు కోర్టులో చెప్పిన మాటలు అచ్చయిన కాగితాలు ఉన్నాయి. గూఢచారిని గుర్తుపట్టగానే పెట్టె వదిలేసి పోదామా అనుకుంటుంది, అలా అనుకున్నందుకు సిగ్గుపడుతుంది. అప్పటికీ నోరు విప్పదు. స్టేషన్ కావలివాడు వచ్చి, ఈ వయసులో దొంగతనమా అంటాడు. ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగులుతుంది. నేను దొంగను కాను, అబద్ధం అని అరిచి పెట్టె తెరిచి కాగితాలు జనంలోకి విసురుతుంది. ఆ క్షణంలో ఆమె కొడుకు కోసం మాట్లాడటం లేదు. తన కోసం తను మాట్లాడుతోంది.

వ్యాసం రెండో భాగం వచ్చే వారం వేస్తామన్నారు. అదే బొమ్మ మళ్లీ వేసేటట్లయితే కింద వాక్యం దయచేసి మార్చండి. ఆమె పేరు పెలగేయా నీలొవ్నా.

ఇట్లు,
ఒక విశ్రాంత వయోజన విద్యా బోధకురాలు