మెదడు క్యాన్సర్‌కి ఇమ్యునోథెరపీ: ఏ జబ్బుకి పనిచేసిందో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఇమ్యునోథెరపీతో, అంటే మన ఒంట్లోని రక్షణ శక్తినే క్యాన్సర్ మీదకి పంపే వైద్యంతో, క్యాన్సర్ మాయం అని ఈమధ్య పేపర్లలో, ఫోన్లలో తెగ వస్తోంది. అబద్ధమని అనను. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో, కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఆ మందులు నిజంగానే ప్రాణాలు నిలబెట్టాయి, ఆ దారి చూపిన అలిసన్, హోంజో అనే శాస్త్రవేత్తలకి 2018లో నోబెల్ కూడా వచ్చింది. కానీ ఏ క్యాన్సర్‌కో చెప్పకుండా వదిలేస్తే మా కోనసీమ ఇళ్లలో ఏం జరుగుతోందో చూడండి.

మా బావగారికి గ్లియోబ్లాస్టోమా. మెదడు గడ్డల్లో మహా మొండిది. ఆపరేషన్, రేడియేషన్, టెమొజోలమైడ్ అనే కీమో మందు, అన్నీ అయ్యాక మళ్లీ పెరిగింది. సిటీలో ఒక ఆసుపత్రివాళ్లు ఇమ్యూనిటీ ఇంజెక్షన్ ఉంది, డోసుకి లక్షల్లో అవుతుంది అన్నారు, మా అక్క, మేనల్లుడు కలిసి కొబ్బరితోట తాకట్టు పెట్టేశారు. ఈ జబ్బులో అది పనిచేస్తుందని రుజువుందా అని అడగాలని కూడా వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

అలాంటి ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లలో ఒకటైన నివోలుమాబ్‌ని ఇలా తిరగబెట్టిన గ్లియోబ్లాస్టోమాకి 369 మందితో చేసిన ట్రయల్‌లో పరీక్షించారు. 2020లో ఫలితాలు అచ్చయ్యాయి, బెవాసిజుమాబ్ అనే పాత మందుతో పోలిస్తే ఆయుష్షేమీ పెరగలేదు. నివోలుమాబ్ చేసే పని టి కణాలకి (క్యాన్సర్‌ని చంపగల రక్షణ కణాలకి) పడ్డ బ్రేకు తీయడం, ఈ గడ్డలోనేమో టి కణాలే తక్కువ, ఉన్న కాసినీ అలిసిపోయి ఉంటాయి. గడ్డ నిండా ఉండేవి మైక్రోగ్లియా, మాక్రోఫేజ్‌లు. అవి మన సొంత రక్షణ కణాలే, గడ్డ వాటిని తనవైపు తిప్పుకుని, వాటిచేతే టి కణాలని అణిచేయిస్తుంది. పైగా మెదడు వాపుకి వాడే డెక్సామెథసోన్ కూడా రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది (దాన్ని మాత్రం ఎవరూ సొంతంగా ఆపకండి, ప్రాణం మీదకొస్తుంది).

పరిశోధన ఆగలేదు, నాకూ ఆశ ఉంది. బోస్టన్‌లో ముగ్గురికి కార్-టి కణాలని (క్యాన్సర్‌ని గుర్తుపట్టేలా ల్యాబ్‌లో మార్చిన టి కణాలని) నేరుగా మెదడులోని ద్రవంలోకి ఎక్కిస్తే రోజుల్లోనే గడ్డ కుంచించుకుపోయిందని 2024లో వచ్చింది. అందులో ఇద్దరికి మళ్లీ పెరిగిందని కూడా అదే రిపోర్టులో ఉంది, ఆ ముక్క మన దగ్గర ఎంతమందికి చేరింది? ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తెచ్చిన కార్-టికి 2023లో అనుమతి వచ్చింది కొన్ని రక్త క్యాన్సర్లకే.

దయచేసి ఇలాంటి వార్త వేసినప్పుడల్లా ఏ క్యాన్సర్, ఎంతమంది మీద, ఎంతకాలం నిలిచింది అనేవి రాయండి. ట్రయల్ అని ఎవరైనా చెబితే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా (దేశంలో ట్రయల్స్ నమోదయ్యే జాబితా) నంబరు అడగమని, దాన్ని ఆ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చని జిల్లా పేజీలో వేయండి. అమలాపురం, రాజోలు, నరసాపురం నుంచి ఫైళ్లు పట్టుకుని సిటీ బస్సెక్కేవాళ్లు చదివేది ఆ పేజీనే.

ఇట్లు
మీ పాఠకుడు, అమలాపురం