ఆదివారం చిన్నపిల్లలకు ఆటిజం స్క్రీనింగ్
అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు మన సమావేశ గదిలో ఆటిజం (నలుగురితో కలవడం, మాట్లాడటం మీద ప్రభావం చూపే ఎదుగుదల తేడా) స్క్రీనింగ్, అంటే ముందస్తు పరిశీలన ఉంది. 16 నుంచి 30 నెలల వయసు పిల్లలున్నవారు తప్పక రండి. సూది ఉండదు, రక్తం తీయరు. 20 ప్రశ్నలకు మీరు అవును, కాదు అని చెప్పాలి, అంతే.

ఈలోగా ఇంట్లో గమనించండి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నారా? కావలసిన వస్తువును వేలితో చూపిస్తున్నారా? వచ్చిన మాటలు ఆగిపోతే మాత్రం ఆదివారం దాకా ఆగకండి, వెంటనే డాక్టరును కలవండి.

స్క్రీనింగ్‌లో అనుమానం వచ్చినంత మాత్రాన ఆటిజం ఉన్నట్టు కాదు. తర్వాత పూర్తి పరీక్ష చేస్తారు. ‘మగపిల్లలకు మాటలు ఆలస్యమే’ అని (మా ఇంట్లోనూ విన్నాను) వాయిదా వేయకండి.

శుక్రవారం రాత్రిలోగా పిల్లల వయసు నెలల్లో రాసి నాకు విడిగా పంపండి. గ్రూపులో వద్దు.